ఒక్క పేరున్న కార్డు

“నీకు పిల్లలెంతమందమ్మా?” విజయభాస్కర్ రెండోసారి అడిగాడు.

తిమ్మక్క అరుగు మీద కూర్చుని మోకాలు రుద్దుకుంటోంది. “ఎవురూ లేరు సార్,” అంది తల ఎత్తకుండా.

విజయభాస్కర్ పింఛన్ల పునఃపరిశీలనకు అనంతపురం నుంచి వచ్చిన అధికారి. పక్కన ట్యాబ్ పట్టుకుని నిలబడిన కృపాకుమారి వేరే మండలంలో సచివాలయ ఉద్యోగి, అదీ ఔట్‌సోర్సింగ్. సొంత మండలం వాళ్లయితే మొహమాటానికి పోతారని ఈసారి ఉద్యోగులను అటువాళ్లను ఇటు, ఇటువాళ్లను అటు మార్చి పంపారు. పొద్దున ముదిగుబ్బలో కారెక్కేదాకా తాను ఏ ఊరికి వెళ్తున్నదీ ఆమెకు తెలియదు.

దారంతా విజయభాస్కర్ మాట్లాడుతూనే వచ్చాడు. రోడ్డుకు ఒకపక్క మైళ్ల కొద్దీ సోలార్ పలకలు. రెండోపక్క ఊడలు దిగకుండానే ఎండిపోయిన శెనక్కాయ చేలు. అతను సోలార్ వైపే చూస్తూ, “జిల్లా ఎట్ల పెరిగిపోయిందో చూడమ్మా. కార్ల ఫ్యాక్టరీ వచ్చె, ఇవి వచ్చె. ఇంకా పింఛన్లు తగ్గలేదంటే పైనోళ్లు మమ్మల్ని అడగరా? ఔట్‌సోర్సింగ్‌దైనా సరే, ఇంట్లో ఒక జీతముంటే పింఛను తీసేయాల్సిందే,” అన్నాడు.

“మా జీతాలు నాలుగు నెలలుగా రాలేదు సార్,” అంది కృపాకుమారి.

“వస్తాయిలేమ్మా. యాడికి పోతాయి?”

ఇప్పుడతను జేబులోంచి ఒక కాగితం తీశాడు. “తిమ్మక్కా, నీ మీద అర్జీ వచ్చిండాది. నీ కూతురికి సర్కారు ఉద్యోగముండాదంట. దాచిపెట్టి పింఛను తీసుకుంటాండావంట.”

“నా బియ్యం కార్డులో ఒక్క పేరే ఉండాది సార్. చూసుకోండి.”

“కార్డు సంగతి కాదు. కూతురుండాదా, లేదా?”

తిమ్మక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. “ఉండె సార్. చచ్చిపోయింది.”

ట్యాబ్ మీద కృపాకుమారి వేలు ఆగిపోయింది.

“ఎప్పుడు?”

“మూడేండ్లయింది.”

“ఎట్ల?”

“జ్వరమొచ్చి.”

“మరణ ధ్రువపత్రం ఉండాదా?”

“ఆస్పత్రికి తీస్కపోయింటే కదా సార్, కాగితమిచ్చేది.”

విజయభాస్కర్‌కు నమ్మకం కుదరలేదు. తల వంచి లోపలికి వెళ్లాడు. ఒకటే గది, పైన రేకులు. టీవీ లేదు, మంచం లేదు. మూలన తడి ఇసుకలో ఒక చిన్న కుండ, దాని మీద తడిగుడ్డ.

“ఇందులో ఏముండాది?”

“సూదిమందు సార్, షుగరుకు,” అంది వెనకాలే వచ్చిన కృపాకుమారి.

“నీకెట్ల తెలుసు?”

“ఫ్రిజ్ లేనోళ్లు ఇట్లే పెట్టుకుంటారు సార్. చానా ఇండ్లల్లో చూసినా.”

అతను బయటికొచ్చి వీధిని పరకాయించాడు. ఎక్కువ ఇళ్లకు తాళాలు. ఊళ్లో సగం మంది బెంగళూరుకు కూలికి పోయారు. గొర్రెలను తోలుకొస్తున్న ఒక ముసలాయన కనబడితే చప్పట్లు కొట్టి పిలిచాడు. ఆయన పేరు ఓబుళేసు, పక్కింటాయనే.

“ఏమప్పా, ఈమెకు కూతురుండాదా?”

ఓబుళేసు చేతికర్ర మీద ఆనుకున్నాడు. కృపాకుమారిని చూశాడు. తిమ్మక్కను చూశాడు. మళ్లీ కృపాకుమారిని చూశాడు.

“ఉండె సార్. బంగారట్లాంటి పిల్ల. యీమె ఎండల్లో కలుపు తీసి, కాయలు పెరికి సదివించింది.”

“ఇప్పుడు?”

“ఇప్పుడు లేదు సార్,” అని ఆయన గొర్రెలను అదిలిస్తూ వెళ్లిపోయాడు.

విజయభాస్కర్ నిట్టూర్చాడు. “సరే, రాయమ్మా. నాకు వారసులెవరూ లేరు. ఉన్న ఒక్క కూతురు చనిపోయినది. ఇది తప్పని తేలితే పింఛను, బియ్యం కార్డు, ఆస్పత్రి కార్డు, అన్నీ రద్దు చేయవచ్చును.”

కృపాకుమారి తెల్లకాగితం మీద ఆ మాటలు ఒక్కొక్కటే రాసింది. అక్షరాలు పెద్దవిగా, బడిపిల్ల రాసినట్టు వచ్చాయి. సిరాపెట్టె తీసి, తిమ్మక్క ముందు గొంతుక్కూర్చుని, ఆమె బొటనవేలు పట్టుకుంది. మొదటి ముద్ర అలుక్కుపోయింది. రెండోసారి వేయించింది.

“కింద నువ్వు కూడా సంతకం పెట్టు. విచారించింది నువ్వేనని. రేపు తేడా వస్తే నీ ఉద్యోగం పోతాది, చూసుకో మళ్ల.”

ఆ మాటకు తిమ్మక్క గబుక్కున తల ఎత్తింది. కృపాకుమారి సంతకం పెట్టింది.

కాగితం మడిచి జేబులో పెట్టుకునేటప్పటికి విజయభాస్కర్ గొంతు మెత్తబడింది. “నీ పింఛను నిలపంలేమ్మా. భయపడద్దు.”

తిమ్మక్క అతనికి రెండు చేతులూ ఎత్తి దండం పెట్టింది. తర్వాత కృపాకుమారి వైపు తిరిగి, “ఎండలో వచ్చినారు మేడం. సంగటుండాది, రొంత తిని పోండి,” అంది.

“వద్దులేమ్మా. టైము లేదు,” అంటూ కృపాకుమారి కారు వైపు నడిచింది.

కారు కదిలింది. డ్రైవరు ఏసీ పెంచాడు. విజయభాస్కర్ చెమట తుడుచుకుని, “పాపం, ఏమైందని అడిగేవాళ్లు కూడా లేరు ఆమెకు,” అన్నాడు. తర్వాత కృపాకుమారి వైపు తిరిగి, “మీ నాయన ఏం చేస్తాడమ్మా?” అని అడిగాడు.

“నాయన లేడు సార్.”

“అయ్యో. అమ్మ యాడుంటాది మరి?”

కృపాకుమారి వెనక్కి తిరిగి చూసింది. దుమ్ములో తిమ్మక్క ఇంకా వీధిలోనే నిలబడి ఉంది.

‘అదిగో, ఆడ నిలబడిందే సార్’ అని చెప్పడానికి ఆమెకు నోరు రాలేదు.