కాపర్ కనుమ ఎక్కని కారు

ఈసారి కూడా కాపర్ కనుమ సగం ఎక్కేసరికి కారు ఆవిరి కక్కింది.

రాయిస్ ఇంజిన్ ఆపి, రోడ్డు పక్క బండ మీద కూర్చున్నాడు. ఎవరికీ కబురు చెయ్యలేదు. అయినా కాసేపటికి అతని భార్య నేడీన్ ట్రక్కు వేసుకుని వచ్చింది. అతను తల తిప్పలేదు. పైనున్న ఆఖరి మలుపు కేసే చూస్తున్నాడు. అక్కడ రోడ్డుకి అంచుగోడ లేదు. అవతల లోయ. ఇదివరకు అక్కణ్ణుంచి పడినవాళ్ళెవరూ మిగల్లేదు.

“బాగుచేశానన్నావుగా?” అన్నాడు.

“మళ్ళీ చూస్తాను. లే, ఇంటికెళ్దాం.”

చల్లారనిచ్చి, నీళ్ళు పోసి, నెమ్మదిగా కిందికి దిగారు. ముందు ట్రక్కు, వెనక కారు.

అది పాతకాలపు కారు. టాపు లేదు, బానెట్‌కి పక్క రేకులు లేవు. రాయిస్, అతని తమ్ముడు డెల్బర్ట్ కుర్రతనంలో దాన్ని తుక్కు దుకాణం నుంచి తెచ్చారు. పెద్ద ఇంజిన్ ఎక్కించి, ఎర్ర రంగు వేసి, మొహావీ ఎడారిలో దుమ్ము లేపుకుంటూ తిరిగారు. పోయినేడు ఎండిన సరస్సు మీద జరిగిన పందెంలో డెల్బర్ట్ పోయాడు. అప్పుడు నడిపింది వేరే కారు. ముందు చక్రం ఊడి పల్టీలు కొట్టింది. ఆ చక్రం బిగించింది రాయిస్.

అప్పట్నుంచి అతను గ్యారేజీ గడప తొక్కలేదు. పానా ముట్టుకోలేదు. ఎర్ర కారు మాత్రం బయటికి తీస్తాడు. ఎప్పుడూ ఒక్కడే. ఎప్పుడూ అదే దారి.

వెళ్ళేముందు శుభ్రంగా గడ్డం గీసుకుంటాడు. ఉతికిన చొక్కా వేసుకుంటాడు. పెళ్ళి ఉంగరం తీసి వంటింట్లో సింకు పక్కన పెడతాడు. తిరిగొచ్చాక నేడీన్ ఏమీ అడగదు. కాఫీతో పాటు ఉంగరం కూడా తెచ్చి ముందు పెడుతుంది. అతను తొడుక్కుంటాడు. ఇద్దరూ కాఫీ తాగుతారు.

నేడీన్ చేతిలో ఏ ఇంజినూ మొండికెయ్యదని ఆ ఊళ్ళో పేరు. గ్యారేజీ ఆమె తండ్రిది. ఆమె నడక నేర్చింది అక్కడి నూనె మరకల మీదే. ఈ కారు మాత్రం లొంగలేదు. థర్మోస్టాట్ మార్చింది. రేడియేటర్ విప్పి కడిగింది. నీళ్ళ పంపులు కొత్తవి వేసింది. చదును రోడ్డు మీద కారు బుద్ధిగా నడిచేది. కనుమ మొదలైతే ఉడికిపోయేది.

పెట్రోలు బంకు హోయిట్ బాస్కమ్ ఒకప్పుడు ఆమె తండ్రితో కలిసి పనిచేసినవాడు. ఒకరోజు గ్యారేజీ గుమ్మంలో నిలబడి వేళాకోళమాడాడు.

“ఏమ్మాయ్, మీ నాన్నే ఉంటే నీ చేతిలో పానా లాగేసుకునేవాడు.”

“కారు ముసలిదైపోయింది బాబాయ్.”

“నేనూ ముసలాణ్ణే. కొండెక్కితే ఉడుకుతున్నానా? నా దగ్గర వదిలెయ్. రేపటికల్లా కనుమ మీదికి ఉరికిస్తా.”

“వద్దు!”

అవసరానికి మించి గట్టిగా అంది. హోయిట్ నవ్వు ఆగిపోయింది. దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు.

“ఒక మాట చెప్తా, ఏమీ అనుకోకు. మొన్న నీ మొగుడు పెట్రోలుకొచ్చాడు. ట్యాంకు నింపనా అంటే, ‘నిండుగా ఎందుకు, పైదాకా ఎక్కితే చాలు’ అన్నాడు. నాకు ఒళ్ళు జలదరించింది.”

నేడీన్ చేతులు తుడుచుకుంది. ఎంత తుడిచినా నూనె వదల్లేదు.

తర్వాతి ఆదివారం రాయిస్ మళ్ళీ బయల్దేరాడు. మళ్ళీ సగంలోనే ఆగాడు. ఈసారి ఆమె వెళ్ళేసరికి బండ మీద లేడు. పరుగున వెళ్ళి చూస్తే, బానెట్ ఎత్తి నిలబడి ఉన్నాడు. ముట్టుకోవడం లేదు. చూస్తున్నాడంతే.

“డెల్బర్ట్ ఉంటే ఈపాటికి దీన్ని తిట్టి తిట్టి వదిలేవాడు,” అన్నాడు. తమ్ముడి పేరు అతని నోట వినడం పందెం తర్వాత అదే మొదలు. “ఈ బండ మీద కూర్చున్నప్పుడల్లా వాడే గుర్తొస్తున్నాడు. వాడి తిట్లు కూడా.”

ఆమె పక్కకెళ్ళి నిలబడింది. అతను ఆమె భుజం మీద తల ఆనించి, చాలాసేపు పెద్దగా ఏడ్చాడు. కింద లోయలో గాలి తిరుగుతున్న చప్పుడు.

వసంతం వచ్చేదాకా కారు షెడ్డులోనే ఉంది. ఒక ఉదయం రాయిస్ గ్యారేజీలోకి వచ్చాడు. బల్ల మీది పానాలు ఒక్కొక్కటీ తీసి, చూసి, పెట్టాడు.

“సముద్రం చూసి ఎన్నేళ్ళయింది మనం?”

“చాలా ఏళ్ళు.”

“పోదాం. నువ్వూ నేనూ. కనుమ దాటితే సాయంత్రానికల్లా చేరతాం. ఈ దరిద్రపు కారు ఎక్కి చస్తేగా!”

“ఎక్కుతుంది.”

“ఇన్నాళ్ళూ నీకు దొరకని జబ్బు ఇప్పుడెలా దొరుకుతుంది? ఉండు, ఇద్దరం కలిసి విప్పుదాం.”

“ముందు తినడానికేమన్నా కట్టు. దారిలో ఏమీ దొరకదు. ఎండ టోపీలు కూడా తీసుకురా.”

అతను ఈల వేసుకుంటూ ఇంట్లోకి వెళ్ళాడు. నేడీన్ బానెట్ ఎత్తింది.

రేడియేటర్ పై గొట్టం వదులు చేసి, అతను మొదటిసారి కనుమ కేసి వెళ్ళొచ్చిన రోజు నుంచీ తన చేత్తోనే అందులో కుక్కుతూ వచ్చిన గుడ్డ ఉండని బయటికి లాగేసింది.