దేవుడికి తప్ప

కింది వాటా బుచ్చమ్మ అన్నదట, "మేబెల్ బిడ్డకు ఎవడో తగిలిండు. ఫోను మోగితే చాలు, పిల్ల మొఖంల రంగు మారుతున్నది" అని. పాల దుకాణం దగ్గర ఆ మాట చెవినపడ్డ మేబెల్, ఇంటికొచ్చి చెప్పులైనా విప్పకుండా మొగుడి ముందు కక్కేసింది.

ఐజాక్ విసురుగా కూతురి గదిలోకి వెళ్ళాడు. పదో తరగతి చదివే హదస్సా మంచం మీద ముడుచుకుని ఉంది. పొద్దున పెట్టిన ఇడ్లీలు పళ్ళెంలో ఎండిపోతున్నాయి.

"ఫోనియ్యి."

"వద్దు డాడీ."

"ఎవడు వాడు?"

"ఎవడూ లేడు. ప్లీజ్, అడగకు."

గుంజుకున్నాడు. క్లాసు పిల్లల వాట్సాప్ గ్రూపు తెరిచే ఉంది. అందులో ఒక వీడియో. బడి మైదానంలో ఒక పిల్ల ఫిట్స్ వచ్చి నేల మీద కొట్టుకుంటోంది. ఎవడో దానికి తీన్మార్ డప్పు అతికించాడు. కింద చాంతాడంత వెక్కిరింతలు. 'కరెంటు పాప.' 'డాన్స్ రాణి.' 'మళ్ళా షో ఎప్పుడు?'

ఐజాక్ పిల్ల మొఖం పోల్చుకున్నాడు. దేవసహాయం కూతురు జెరూషా. తమ చర్చి క్వయర్‌లో పాడే పిల్ల.

"నిన్నేమన్నా అన్నరా?"

"నన్నేమంటలేరు."

"మరి నువ్వెందుకే తిండి బంద్ చేసినవ్?"

"చూస్తున్న గద డాడీ! రోజూ పెడుతున్నరు, రోజూ నవ్వుతున్నరు. ఆపుండ్రి అని రాస్తే రేపు నా మీద పడతరు. రాయకుంటేనేమో... జెరూషా క్లాసుల నా పక్కనే కూసుంటది. మొన్న అడిగింది, నువ్వు సుత నవ్వినవా అని. కళ్ళు మూస్తే అదే డప్పు. ఒక్కోపారి ఆ కిందపడ్డది నేనే అనిపిస్తది. ఇగ లేవొద్దు అనిపిస్తది."

మేబెల్ గుమ్మంలోనే కూలబడింది. బుచ్చమ్మ మాటే నిజమై, ఎవడో ఒకడు తగిలి ఉన్నా బాగుండేదని ఐజాక్‌కు అనిపించింది.

"దేవసహాయం అన్నతోని మాట్లాడత."

"అస్సలొద్దు! ఎవ్వరికీ చెప్పనని దానికి మాటిచ్చిన. వారంల ఒక్క ఆదివారం, చర్చిలనే అది నవ్వుతది డాడీ. ఆ నవ్వు సుత పోతది."

ఐజాక్ మంచం అంచున కూర్చుని బిడ్డ తల నిమిరాడు. మూడురోజుల జ్వరం పడి లేచినదానిలా ఉంది పిల్ల. ఇన్నాళ్ళూ ఒకే ఇంట్లో ఉండి ఎట్లా చూడలేదో అతనికే అర్థం కాలేదు.

"ఇంత బరువు ఒక్కదానివే మోసినవా? ఇగ నాకిడిసిపెట్టు. దేవునికి తప్ప ఎవ్వరికీ చెప్ప."

"నిజంగ?"

"నిజంగ. ఫోను మాత్రం ఇయ్యాల నా దగ్గరుంటది."

ఆ పూట హదస్సా పప్పన్నం అడిగి మరీ తిన్నది. తల్లి ఒడిలో తల పెట్టుకుని, మధ్యాహ్నమే నిద్రపోయింది. ఐజాక్ పక్క గదిలో మోకాళ్ళ మీద చాలాసేపు ఉండిపోయాడు.

మర్నాడు ఆదివారం. చర్చి మెట్ల మీదే డోరా ఆంటీ ఎదురొచ్చి హదస్సాను కావలించుకుంది.

"ఎంత మంచి మనసే నీది! నీ దోస్తు కోసం మా ఇంట్ల అందరం ఉపాసమున్నం. ఆ వీడియో చూస్తే కడుపు తరుక్కపోయింది తల్లీ."

"ఏ వీడియో ఆంటీ?"

అడుగుతూనే లోపలికి చూసింది. క్వయర్‌లో జెరూషా నిలబడే చోటు ఖాళీగా ఉంది. దేవసహాయం కుటుంబం కూర్చునే బెంచీ కూడా ఖాళీయే.

ఐజాక్ దగ్గరికొచ్చి, తన ఫోను కూతురి చేతిలో పెట్టాడు. అతని మొఖం వెలిగిపోతోంది.

"మన ప్రేయర్ గ్రూపుల ఆ వీడియో నేనే పెట్టిన బిడ్డా. పేరు పెట్టి ప్రార్థన చెయ్యమన్న. చూడు, ఎన్ని వందలమంది ఆమెన్ అంటున్నరో! ఇగ నువ్వు పరేషాన్ గాకు."

హదస్సా ఫోను వైపు చూడలేదు.

"నిన్నటిదాంక మా క్లాసోళ్ళే చూసిన్రు డాడీ."