పెట్టని పెట్టలు

“ఇవాళైనా పెట్టాయా అత్తయ్యా?”

కాఫీ కప్పు చేత్తో పట్టుకుని జెనిఫర్ అడిగింది. రోజూ అడిగేదే. కానీ ఆ పొద్దున జ్ఞానమ్మకి ఒళ్ళు మండిపోయింది.

“పెడితే చెప్పనా అమ్మాయ్? దాచుకుని తింటానా?”

జెనిఫర్ నవ్వేసి ల్యాప్‌టాప్‌తో బేస్‌మెంట్‌లోకి దిగిపోయింది. ఆఫీసు పనంతా అక్కడే.

నిజానికి ఈ గోలంతా జ్ఞానమ్మ నోరు ఊరుకోక తెచ్చుకున్నదే. కొడుకు పెరట్లో కోళ్ళగూడు కట్టిన రోజు, “వీటి తొలిగుడ్డు కళ్ళారా చూశాకే ఇండియా విమానం ఎక్కుతా” అని నలుగురిలో అనేసింది. పెట్టలు ఎదిగాయి. నెత్తిన జుట్టు ఎర్రబడింది. వీపు నిమిరితే చతికిలబడుతున్నాయి. అన్నీ గుడ్డు పెట్టే ఈడు గుర్తులే. గుడ్డు మాత్రం లేదు. కోడలికేమో పొద్దున లేస్తే అదే ప్రశ్న. అత్త ఎప్పుడు కదులుతుందా అని కాకపోతే ఒక్క గుడ్డు కోసం అంత ఆరాటమా? అమెరికాలో గుడ్లకి కరువా?

ఆవిడ నేరుగా కొడుకు దగ్గరికి వెళ్ళింది.

“ఒరే రాజూ, నా టికెట్ బుక్ చేసెయ్.”

షాలేం రాజు దోసె తింటున్నవాడల్లా తలెత్తాడు. “గుడ్డు చూడకుండానే? వీసాకి ఇంకా టైముంది కదమ్మా!”

“చూసింది చాల్లే. పొమ్మనలేక పొగబెడుతుంటే ఎన్నాళ్ళు కూర్చోను?”

“ఎవరు పొగబెట్టారే?”

జ్ఞానమ్మ వాడి పళ్ళెంలో ఇంకో దోసె వేసింది. వెళ్ళాలని ఆవిడకి మాత్రం ఉందా ఏమిటి! “సరే, సాయంత్రం వచ్చి చూస్తాలే” అని వాడు కారెక్కాడు.

పదింటికి ఫోన్‌లో చర్చి ఆడవాళ్ళ ప్రార్థన. రోజూ తలుపేసుకుని, ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని గంటసేపు కదలకుండా కూర్చునే మనిషి ఇవాళ నిలవలేకపోయింది. కళ్ళు మూసుకుంటే దేవుడి బదులు కోడలు కనబడుతోంది. సగంలోనే ఇయర్‌ఫోన్స్ పీకేసింది.

పెరట్లో పెట్ట గోలగోలగా కొక్కరిస్తోంది.

ఆ అరుపు జ్ఞానమ్మకి తెలియందా! గుడ్డు పెట్టిన పెట్ట అరుపు. అయితే ఇవి పెట్టకపోవడం కాదు, పెట్టింది పెట్టినట్టు ఎవరో మింగేస్తున్నారు. పామో, గుడ్లు దొంగిలించే ఇక్కడి రకూన్ జంతువో! చీపురు తిరగేసి పట్టుకుని పరుగెత్తింది.

గూడు తలుపు బార్లా తెరిచి ఉంది. లోపల ఏదో కదిలింది. చీపురు ఎత్తింది.

“అయ్యో అత్తయ్యా, నేనే!”

జెనిఫర్ వంగి బయటికొచ్చింది. స్వెటర్ జేబు ఉబ్బెత్తుగా ఉంది. చేతిలో వెచ్చటి గుడ్డు.

“ఎన్నాళ్ళబట్టే ఇది?” జ్ఞానమ్మ చీపురు దించింది.

“నెల దాటింది.” కోడలి కళ్ళు నిండిపోయాయి. “మీ అబ్బాయికి చెప్పకండి అత్తయ్యా. తెలిస్తే మీకు టికెట్ బుక్ చేసేస్తారు.”