లేని పడవలు

"సార్, మీ కాపలాదారు పచ్చి అబద్ధాలకోరు."

సముద్ర రక్షిత ప్రాంత అధికారిణి కూర్చోకముందే ఆ మాట అనేసి, రెండు రిజిస్టర్లు నౌకాదళ కమాండర్ బల్ల మీద పెట్టింది.

కమాండర్ టీ కప్పు పక్కకు జరిపాడు. "ముందు కూర్చోండి మేడమ్."

ఆవిడ కూర్చోలేదు. వారం రోజులుగా కూడబెట్టుకున్న కోపం అది, నిలబడి చెబితేనే తృప్తి.

ఒకే ఒరలో రెండు కత్తులన్నట్టు ఆ సముద్రం మీద పెత్తనం ఇద్దరిది. నీళ్లలోని జీవాలను కాపాడటం ఆవిడ ఆఫీసు పని. ఏడాదికి నెల రోజులు అక్కడే ఫిరంగులు పేల్చి సాధన చెయ్యడం నౌకాదళం పని. ఆ నెలంతా ఆవిడ మనుషులు కూడా గట్టు దిగకూడదు.

తల్లీపిల్లా తిమింగలాలు వచ్చేదీ సరిగ్గా ఆ నెలలోనే. అవి కనబడితే పేల్చడం ఆపమని ఆవిడ రెండేళ్లుగా అర్జీలు పెడుతోంది. "మనుషులకు ప్రమాదముంటేనే ఆపుతాం, రూలు అంతే" అని జవాబు వస్తోంది.

కొండ మీది గదిలో దుర్భిణితో కూర్చునే ముసలాయన వైర్‌లెస్‌లో "ఖాళీ" అంటేనే మొదటి గుండు పేలుతుంది. "పడవ ఉంది" అంటే ఆ రోజుకు సాధన రద్దు.

ఈ నెలలో ఆయన తొమ్మిదిసార్లు "పడవ ఉంది" అన్నాడు. అన్న ప్రతిసారీ, మీ హద్దులోకి పడవను ఎలా రానిచ్చారంటూ పైనుంచి ఆవిడకు ఒక మెమో.

"ఆ తొమ్మిది రోజులూ రేవు నుంచి ఒక్క పడవ కదల్లేదు సార్. ఇది రేవు రిజిస్టరు, ఇది మీ కాపలాదారు రాసింది. సాధన ఉంటే ఈయన సాయంత్రం దాకా కూర్చోవాలి. పడవుందంటే మధ్యాహ్నానికే ఇంటికి పోయి పడుకోవచ్చు. అదీ సంగతి!"

ఆవులిస్తే పేగులు లెక్కపెట్టే రకమని ఆఫీసులో ఆవిడకు పేరు. ఆ పేరంటే ఆవిడకూ ఇష్టమే.

ముసలాయన్ని పిలిపించారు. దుర్భిణి తాడు ఒరిసి ఒరిసి చొక్కా కాలర్ చిరిగి ఉంది.

"ఆ పడవలు నిజంగా చూశావా?" కమాండర్ అడిగాడు.

"చూశాకే రాశాను సార్."

"ఎవరివవి?" ఆవిడ అందుకుంది.

"దూరం కదమ్మా. తెలియదు."

"రేవులో లేని పడవలు నడిసముద్రంలో మొలిచాయా?"

ముసలాయన ఒకసారి కమాండర్ వైపు చూసి, ఆవిడ వైపు తిరిగాడు. "అమ్మా, మీతో ఒక్క మాట. కాస్త బయటికొస్తారా?"

"నాతో రహస్యాలేంటి? ఏదున్నా సార్ ముందే చెప్పండి."

"ఏం లేదులెండమ్మా," అన్నాడాయన.

రిటైరవడానికి నాలుగు నెలలుండగా ఉద్యోగం ఊడింది. గేటు దగ్గర ఆవిడ జీపు కోసం కాచుకుని, అద్దం మీద వేలితో తట్టాడు. కాళ్లావేళ్లా పడతాడు కాబోలనుకుంది ఆవిడ.

"పోనివ్వు," అంది డ్రైవరుతో.

కొత్త కాపలాదారు వచ్చాడు. నాలుగు రోజులూ "ఖాళీ" అన్నాడు, నాలుగు రోజులూ ఫిరంగులు పేలాయి. మెమోలు ఆగిపోయాయి. పీడ విరగడైందని ఆవిడ ఆఫీసులో అందరికీ చెప్పుకుంది.

ఐదో రోజు పొద్దున తిమింగలం పిల్ల ఒకటి చచ్చి ఒడ్డుకు కొట్టుకొచ్చింది. కంటి వెనక, చెవి ఉండే చోట, నెత్తురు గడ్డకట్టి ఉంది. అవతల లోతు నీళ్లలో తల్లి అటూ ఇటూ తిరుగుతోంది.

ఆవిడ రొప్పుకుంటూ కొండెక్కి కొత్తవాడి మీద విరుచుకుపడింది. "కళ్లున్నాయా నీకు? ఇంతలేసి జీవాలు కనబడలేదా?"

"కనబడ్డాయి మేడమ్. నిన్న పొద్దున్నే. పెద్దదొకటి, చిన్నదొకటి."

"మరి చెప్పవేం?"

"ఏమని చెప్పను?" రిజిస్టరు ఆవిడ వైపు తిప్పాడు. "ఓడ, పడవ, మనిషి. ఉన్నవి ఈ మూడు గడులే. వీటిలో ఏదో ఒకటి నిండితేనే ఆపుతారు. లేని పడవ రాస్తే నా ఉద్యోగమూ పోదూ?"

ఆవిడ వెనక పేజీలు తిప్పింది. ముసలాయన గుండ్రటి చేతిరాత. పడవ గడిలో తొమ్మిదిసార్లూ ఒకటే మాట: 'పెద్దది ఒకటి, చిన్నది ఒకటి.' ఆ మాట ఆవిడ ఇదివరకూ చదివింది. చదివి, ఎన్నిసార్లు రాశాడో మాత్రం లెక్కపెట్టుకుంది.

సిగ్గుతో చచ్చిపోయింది. బయటికొస్తారా అని అడిగినప్పుడు నాలుగడుగులు వేస్తే తన సొమ్మేం పోయేది?

ఆ సాయంత్రమే ఆయన ఇల్లు వెతుక్కుంటూ వెళ్లింది. ఆవిణ్ణి చూడగానే ఆయన లేచి నిలబడ్డాడు. దాంతో ఆవిడ తల ఇంకా వాలిపోయింది.

"తల్లి ఇంకా అక్కడే తిరుగుతోందా అమ్మా?"

"తిరుగుతోంది." ఆవిడ గడప దగ్గరే ఆగిపోయింది. "నా వల్లే బాబాయ్ గారూ. క్షమించమని అడిగే ముఖం కూడా లేదు నాకు. ఎన్నాళ్ల నుంచి ఇలా...?"

ఆయన ఆవిడకు కుర్చీ వేశాడు.

"దాని తోకకు కుడివైపు ఒక నొక్కు ఉంటుంది, చూశారా? పద్నాలుగేళ్ల కింద అది వాళ్లమ్మ వెంట వచ్చినప్పుడు, నేను మొట్టమొదట రాసిన చిన్న పడవ అదేనమ్మా."