కాటా ఎక్కనివాడు

ప్రొఫెసరు వెనక బెంచీలో కూర్చుని కాలు మీద కాలేసుకున్నాడు. యోబు సుద్దముక్క అందుకున్నాడు.

ఈ గంట గట్టెక్కితే ఉద్యోగం ఖాయం. లేకపోతే లేదు. నంద్యాల కాలేజీలో యోబు తాత్కాలిక లెక్చరరు. తాత్కాలికమంటే ఏటేటా పెళ్లిచూపులకు కూర్చోవడమే. ఈసారి చూడ్డానికి యూనివర్సిటీ నుంచే మనిషి దిగాడు. ఆళ్లగడ్డలో లూదియా పొద్దున్నే ప్రార్థన చేసి మరీ భర్తను బస్సెక్కించింది.

పాఠం కొత్తది. విమర్శ సిద్ధాంతమట. జర్మనీలో పుట్టి, తీరుబడిగా నడుచుకుంటూ ఎనభైల్లో మన సిలబస్‌లోకి చేరింది. రాసిన దొర ఫొటో పుస్తకం అట్ట మీద నవ్వుతోంది. యోబు పుస్తకాన్ని బోర్లించి, చూడకుండానే అందులోని ఒక వాక్యం బోర్డు మీద రాశాడు.

"తూచేవాడు తాను కాటా ఎక్కడు."

"అంటే ఏంది సార్?" అన్నాడు ముందు బెంచీలోని ఇస్సాకు.

"మీ నాయన శనక్కాయలు మండీకి తోల్తాడు గదా. కాయ తేమ అంటారు, మట్టి ఉండాదంటారు, తరుగు తీస్తారు. కాటా వేసేటోడు ఎన్నడన్నా తన బరువు చెప్పినాడా? లోకాన్ని తూచే చదువులు గూడా అంతే."

క్లాసంతా తలూపింది. వెనక బెంచీ మాత్రం ఊపలేదు.

"ఆగండి మాస్టారూ," ప్రొఫెసరు లేచాడు. "ఇది పాశ్చాత్య హేతువాదం మీద విమర్శ. మీరు దీన్ని మండీలోకి దించేశారు. ఆ మహానుభావుడు శనక్కాయ బస్తా ఎప్పుడైనా చూసుంటాడా?"

యోబు సుద్దముక్క బల్ల మీద పెట్టాడు.

"రచయిత హృదయం మీకు అందలేదు. మూలం మళ్లీ చదువుకోండి. వచ్చే ఏడు చూద్దాం."

"సరే సార్."

స్టాఫ్‌రూములో తోటి లెక్చరరు బాలస్వామి భుజం తట్టాడు. "దొరలు రాసింది దొరల మాదిరే చెప్పాలప్పా. మనోళ్ల మాటలు కలిపితే చదువు పల్చనైతాది."

యోబుకు కోపం రాలేదు. ఏడుపూ రాలేదు. తిమ్మిరెక్కిన కాలులా ఉంది మనసు. బస్సులో ఎవరో పాదం తొక్కితే ఆ మనిషే అయ్యో అన్నాడు. కండక్టరు గద్దిస్తే గానీ ఆళ్లగడ్డ వచ్చిందని తెలియలేదు.

లూదియా చెంబుతో నీళ్లు పట్టుకుని వాకిట్లోనే ఎదురైంది.

"ఏమాయె?"

"లేదన్నారు."

"ఏం తప్పు పట్టినారు?"

"రాసినాయన మనసు నాకు అర్థం కాలేదంట."

లూదియా చేతిలో చెంబు అట్లాగే ఆగిపోయింది. "నువ్వేమీ చెప్పలేదా?"

"చెప్తే మాత్రం నమ్ముతారా?"

ఆమె చెంబు అందించింది. యోబు కాళ్లు కడుక్కున్నాడు.

పదేళ్ల కిందట ఆళ్లగడ్డ మండీకొచ్చి టేపురికార్డరు ముందు పెట్టిన ఆ పుస్తకం దొరకు, శనక్కాయ బస్తా మీద కూర్చుని ఆ కాటా మాట చెప్పింది, అప్పుడు అక్కడ మూటలు మోసుకుంటూ చదువుకుంటున్న యోబే.