గండన్న కొత్త పాట

రెల్లుగడ్డి మడుగులో గండన్న అనే కప్పకో పాటల బృందం ఉండేది. చిమ్మట శ్రుతి పడితే వడ్రంగిపిట్ట మొద్దు మీద దరువేసేది. వాళ్ల హోరుకి బాతులు ఏటా చిందులేసేవి. ఈ వానలకి మాత్రం గండన్నకి అరిచి అరిచి విసుగొచ్చింది.

“ఈసారి మెల్లగా పాడదాం,” అన్నాడు.

“బాతులు ఊరుకుంటాయా అన్నా?” అంది చిమ్మట బెదురుగా.

ఊరుకోలేదు. పాట సగంలోనే “పాత హోరేదీ?” అని ఈసడించి, తోకలాడించుకుంటూ వెళ్లిపోయాయి. అయినా గండన్న చివరిదాకా పాడాడు.

అప్పుడు గట్టు పక్కన రాయి కదిలింది. తీరా చూస్తే అది ముసలి తాబేలు.

“మీ పాటలో మాటలు కూడా ఉంటాయా నాయనా! ఇన్నేళ్లూ మీరు మొదలెట్టగానే తల లోపలికి లాక్కునేదాన్ని. ఏదీ, ఇంకోసారి పాడు!”