పాస్కోల వాకిట కుండ

“మూత పెట్టనీ నాన్నా! ఇలాగైతే సాయంత్రానికైనా ఆ బార్లీ ఉడకదు.”

“మూత పెడితే ఆవిరి ఎవరికి కనిపిస్తుంది?”

“మరి ఆవిరే తాగి పడుకుందామా?”

టామ్సిన్ మూత పెట్టింది. జేగో పాస్కో చెయ్యి మళ్ళీ తీసేసింది. గడప ముందు ముక్కాలి పొయ్యి మీద ఇనపకుండ కుతకుతలాడుతోంది.

ఎన్నికల ముందురోజు ట్రెవార్న్‌లో ప్రతి వాకిట్లోనూ ఇదే వంట. ఇంగ్లండులో కార్న్‌వాల్ కొసన, సముద్రం అంచున ఉన్న ఆ చిన్న ఊరు పార్లమెంటుకు ఇద్దరిని పంపేది. ఊరికి కనబడేలా సొంత కుండ ఉడికించుకునే ప్రతి మగవాడికీ ఓటు. ఓటంటే చర్చి మెట్లెక్కి నలుగురిలో ఒక పేరు గట్టిగా చెప్పడమే. ఇళ్ళన్నీ దొరవి. ఆయన మనిషి పేరు చెప్పినంతకాలం అద్దె అడగరు. ఓటు లేని కొంపను మాత్రం ఉంచరు. మగదిక్కు పోయిన ఇళ్ళ సామాను వీధిన పడటం టామ్సిన్ చిన్నప్పటి నుంచీ చూస్తూనే ఉంది.

పక్కవాకిట్లో ఫిలిప్పా తన కుండ కలుపుతూ గొంతు తగ్గించింది.

“జేగో, నిన్న మళ్ళీ విన్నాను. మీ లవ్‌డే కూనిరాగం. గోడకు చెవి ఆనించి మరీ విన్నా.”

జేగో పెదవి మీద నవ్వు మెదిలింది; గరిటె కుండలో తిరుగుతూనే ఉంది.

“నీకు నవ్వులాటగా ఉంది. అదిగో, నీ చేతిలో గరిటె కూడా ఆవిడ తిప్పినట్టే ఎడమకి తిరుగుతోంది! మూడేళ్ళయినా నీ పెళ్ళాం ఇల్లు వదల్లేదయ్యా. గడపలో ఉప్పు చల్లు.”

మశూచి వచ్చిన చలికాలం మొగుడూ పెళ్ళాం ఒకేసారి మంచాన పడ్డారు. మూసిన శవపెట్టె ఒకటి చర్చి దొడ్లోకి వెళ్ళింది. దాని తలవైపు పలక మీద లవ్‌డే పాస్కో అని చెక్కారు. అప్పటినుంచీ ఊరు చూస్తున్న జేగోకి ముఖం నిండా గుంటలు, గడ్డం దాకా చుట్టిన ఉన్నిగుడ్డ, బొంగురు గొంతు. ఎవరితోనూ పొత్తు లేదు.

దొరగారి దివాను రౌస్ వచ్చాడు. కుండలో గరిటె ముంచి చప్పరించాడు.

“పెళ్ళాం పోయాక నీ వంటకి రుచి తెలిసిందే! రేపు మన మనిషి పేరు గట్టిగా చెప్పు. కప్పలా బెకబెకమనకు, కాస్త తేనె తాగు.”

“అవతలి మనిషి పేరు చెబితే?” అంది టామ్సిన్.

“ఈ కుండ ఏ చెట్టు కింద పెట్టాలో ఇప్పుడే చూసుకో పిల్లా.”

ఫిలిప్పా కుండని మాత్రం అతను రుచి చూడలేదు. బూటుతో కుండను పక్కకి తోశాడు.

“నీ మొగుడు పడవతో సహా మునిగి నెలయింది. ఎవరి కోసం ఉడికిస్తున్నావు?”

“వస్తాడు బాబూ. ఒడ్డుకి శవం రాలేదు కదా.”

“ఎల్లుండి తాళం ఇచ్చెయ్.”

ఫిలిప్పా వంగి, ఒలికిన బార్లీని గరిటెతో కుండలోకి ఎత్తింది.

ఆ పూట పాస్కోల ఇంట్లో తలుపు గడియ పడింది. ఇద్దరూ బల్ల దగ్గర కూర్చున్నారు. సగం తిన్నాక జేగో గొంతు మెల్లగా పలికింది.

“రేపు అవతలి మనిషి పేరే చెబుతాను.”

“ఇల్లు పోతుంది.”

“పోనీ. ఎల్లుండి ఫిలిప్పా ఒక్కతే వీధిలో నిలబడకూడదు. మూడేళ్ళు భయపడి బతికాం. నోరు తెరిచేది ఒక్కసారి. నాకు నచ్చిన పేరుకే తెరుస్తాను.”

టామ్సిన్ ఆ గుంటల ముఖంలోకి చూసింది.

“అయితే ఆ సమాధి పలక మీద నీ పేరు చెరిపించి, నాన్న పేరు చెక్కిద్దాం అమ్మా,” అంది.